క్షౌరపు కత్తి - క్యోటో సానరాయి

నిత్యజీవితములో మనము వాడు పనిముట్లలో క్షౌరపు కత్తి కంటె వాడియైనది అరుదు. కొడవలి గడ్డిని కోయును; గొడ్డలి కొయ్యను చీల్చును. వాటి అంచు కొంచెము మొద్దుబారినను చేతి బలము ఆ లోటును తీర్చును. క్షౌరపు కత్తి విషయములో చేతి బలమునకు తావు లేదు. మెత్తని చర్మముమీద పోవుచు, చర్మమునకు గాటు పడకుండ, దానిపై మొలచిన వెంట్రుకను మాత్రమే అది కోయవలెను. వెంట్రుక మందము సుమారు 50 నుండి 100 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. చక్కగా నూరిన కత్తి అంచు మందము ఒక మైక్రానులో సగమైనను ఉండదు. ఇంత సన్నని అంచును కొలిమి ఈయజాలదు, సుత్తి ఈయజాలదు. దానిని ఇచ్చునది రాయి.

అయితే ఏ రాయి పడిన ఆ రాయి ఇందుకు పనికిరాదు. ప్రపంచములో కొలది చోట్ల మాత్రమే క్షౌరపు కత్తికి తుది పదును పెట్టదగిన రాళ్లు దొరకినవి. బెల్జియములోని ఆర్డెన్ కొండలలో దొరకు పసుపుపచ్చని కోటికూల్ రాయి, జర్మనీలోని తురింగియా పలకరాయి, అమెరికాలోని ఆర్కన్సా రాయి అట్టివి. జపానులో క్యోటో నగరమునకు పడమటనున్న కొండలలో దొరకు రాయి కూడ ఈ కోవకు చెందినదే. ఈ రాయి కథలో మతచరిత్ర, వృత్తిచరిత్ర, భూమిచరిత్ర మూడును కలసియున్నవి. అందువలన దానిని కొంత వివరముగా తెలిసికొనుట ఉచితము.

కత్తి వెంట నడచిన రాయి

కత్తియు సానరాయియు విడదీయరాని జంట. ఈ సంగతిని మన దేశమున చాల పూర్వమే గుర్తించిరి. బౌద్ధభిక్షువుల నియమములను తెలుపు పాళీ గ్రంథమైన చుల్లవగ్గలో, భిక్షువులు క్షౌరపు కత్తిని, దానిని నూరుకొను రాతిని, కత్తి ఒరను ఉంచుకొనవచ్చునని అనుమతి కలదు. ఆ రాతికి అందులో ‘ఖురసిల’ అని పేరు. భిక్షువు వెంట ఉండదగిన ఎనిమిది వస్తువులలో క్షౌరపు కత్తి ఒకటి. అమరావతిలోను, నాగార్జునకొండలోను నివసించిన భిక్షువులకు కూడ తల గొరిగించుకొనుట నియమమే గదా!

బౌద్ధమతము చైనా, కొరియా దేశముల మీదుగా 6వ శతాబ్దిలో జపాను చేరెను. దానితోపాటు తల గొరిగించుకొను ఆచారమును, అందుకు కావలసిన కత్తియు ఆ దేశమునకు చేరినవి. జపాను భాషలో ఈ కత్తిని ‘కమిసొరి’ అందురు. దీనికి పిడి వేరుగా ఉండదు. అలుగు, పట్టుకొను భాగము ఒకే ముక్క. రెండు ముఖములు ఒకే తీరున ఉండవు. ఒక ముఖము వంపును, మరియొక ముఖము లోతును వేరువేరుగా ఉండును. మెత్తని ఇనుముమీద గట్టి ఉక్కును అతికి దీనిని చేయుదురు. అంచు మాత్రము గట్టి ఉక్కు. మిగిలినది మెత్తని ఇనుము. ఈ ఏర్పాటువలన కత్తి పెళుసుగా విరిగిపోదు, నూరుటయు సులువగును.

కాలక్రమమున ఈ కత్తి విహారములను దాటి లోకులలోనికి వచ్చెను. జపాను యోధులు నుదుటినుండి నడినెత్తివరకు గొరిగించుకొని, మిగిలిన జుట్టును వెనుకకు ముడిచెడివారు. 17వ శతాబ్ది నాటికి ఈ ఆచారము సామాన్యజనులలో కూడ వ్యాపించెను. నెత్తిమీద వెంట్రుకలు కొలది దినములలోనే మరల మొలచును. కాబట్టి పట్టణములలో క్షౌరశాలలు పెరిగినవి. కత్తులకు, వాటిని నూరు రాళ్లకు గిరాకి పెరిగినది.

క్యోటో రాతి గనులను గురించి ఒక ఐతిహ్యము కలదు. 12వ శతాబ్ది చివర, 1190 ప్రాంతమున, హొన్మా వంశమునకు చెందిన ఒకడు క్యోటో పడమటి కొండలలో ఈ రాతిని కనుగొనగా, నాటి పాలకుడైన మినమోతొ యొరితొమొ ఆ వంశమునకు సానరాళ్లపై అధికారమునిచ్చెనని చెప్పుదురు. ఐతిహ్యమును అటుంచినను, క్యోటో చాల కాలము రాజధాని యగుటయు, ఖడ్గకారులు, వడ్రంగులు, శిల్పులు, మఠములు అక్కడ ఉండుటయు, ఊరి ప్రక్కనే మేలైన రాయి దొరకుటయు ఒకదానికొకటి తోడైనవనుటలో సందేహము లేదు. నరుతాకి, నకయామా, ఒజుకు, ఒకుదో, షోబుదని అను గనుల పేర్లు పనివారి నోళ్లలో నిలచినవి.

మహాసముద్రపు అడుగునుండి

ఈ రాయి అంత మేలైనదగుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము 20వ శతాబ్ది ఉత్తరార్ధములో గాని దొరకలేదు.

మంచి సానరాయికి రెండు లక్షణములు ఉండవలెను. మొదటిది, దానిలోని కణములు ఉక్కును గీయగల గట్టిదనము కలిగియుండవలెను. రెండవది, ఆ కణములన్నియు మిక్కిలి సన్ననివిగా ఉండవలెను. రెండవది మరింత ముఖ్యము. లక్ష సన్నని కణముల మధ్య ఒక్క ముతక ఇసుకరేణువు ఉన్నను చాలును. అది అంచుమీద గాటు పెట్టి గంటసేపు చేసిన పనిని చెరచివేయును. ఇసుకరేణువు ఒక్కటియు లేని రాయి ప్రకృతిలో ఏర్పడుట ఎట్లు? నదులు ఇసుకను తెచ్చును. తీరము దగ్గర ఏర్పడిన శిలలలో ఇసుక తప్పక చేరును. తీరమునకు వేల కిలోమీటర్ల దూరమున, మహాసముద్రపు లోతులలో మాత్రమే ఇసుక చేరజాలదు. అక్కడకు చేరునవి గాలి మోసికొనివచ్చిన అతి సూక్ష్మమైన ధూళియు, నీటిలో తేలు సూక్ష్మజీవుల గుల్లలును మాత్రమే.

క్యోటో సానరాయి అట్టి చోట పుట్టినదే. రేడియోలేరియా అను సూక్ష్మజీవులు సిలికాతో గుల్లలు కట్టుకొనును. అవి చచ్చి అడుగున పేరుకొనగా చెర్ట్ అను గట్టి శిల ఏర్పడును. ఈ పేరుకొనుట ఎంత నెమ్మదిగా జరుగుననగా, వేయి సంవత్సరములకు కొలది మిల్లీమీటర్ల మందము మాత్రమే. అయితే కేవలము ఆ చెర్ట్ ఇట్టి సానరాతికి అనుకూలము కాదు. అది గాజువలె బిగిసియుండును. సిలికాతోపాటు సన్నని బంకమన్ను కలసిన పొర కావలెను. అట్టి పొర ఏర్పడుటకు సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రితము ఒక మహోపద్రవము కారణమైనది.

పెర్మియన్ యుగము ముగిసి ట్రయాసిక్ యుగము ఆరంభమగు ఆ సమయమున సైబీరియా ప్రాంతములో లావా ప్రవాహములు అపారముగా పెల్లుబికినవి. వాతావరణము వేడెక్కెను. సముద్రజలములో ఆమ్లజని తగ్గెను. సముద్రజీవుల జాతులలో పదింట ఎనిమిదికి పైగా నశించినవి. భూమిమీద జీవము ఎదుర్కొన్న వినాశములలో ఇది అన్నిటికంటె పెద్దది. రేడియోలేరియా కూడ దాదాపు అంతరించిపోయినవి. వాటి గుల్లలు పడుట తగ్గగానే చెర్ట్ ఏర్పడుట ఆగినది. దాని స్థానమున కొంత సిలికా కలసిన సన్నని బంకమన్ను మాత్రము పేరుకొన్నది. జీవులు మరల కోలుకొన్న పిమ్మట చెర్ట్ తిరిగి కనబడును. ఈ రెండు చెర్ట్ పొరల నడుమ చిక్కుకొన్న బంకమన్ను పొరయే మన సానరాయి. జపాను భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలకు ‘సానరాతి రకపు పలకరాయి’ అనియే పేరు పెట్టిరి. పనివాని మాట శాస్త్రజ్ఞుని పరిభాష అయినది.

ఆ సముద్రపు అడుగు మెల్లగా కదలుచు జురాసిక్ యుగమున ఆసియా ఖండపు అంచునకు చేరి దాని క్రిందికి దిగబడెను. దిగబడునపుడు పైనున్న పొరలు కొన్ని గీకబడి ఖండమునకు అంటుకొన్నవి. క్యోటో చుట్టునున్న కొండలు ఇట్లు ఏర్పడినవే. ఒకప్పుడు ఈ శిలలు ఇంకను పురాతనమైనవని తలచెడివారు. 1970 తరువాత రేడియోలేరియా, కొనొడాంటు అను సూక్ష్మశిలాజములను శిలలనుండి వేరుచేసి పరిశీలించు పద్ధతులు వృద్ధిచెందుటతో వాటి నిజమైన వయస్సు తేలినది. 1997లో యుకియో ఇసొజాకి అను శాస్త్రజ్ఞుడు జపాను, కెనడా దేశములలోని ఇట్టి పొరలను పరిశీలించి, ఆనాడు మహాసముద్రపు లోతులలో దీర్ఘకాలము ఆమ్లజని కొరవడెనని ప్రకటించెను. ఆనాటి సముద్రపు అడుగు ఇప్పుడు ఎక్కడను మిగిలిలేదు. అంతయు ఖండముల క్రిందికి పోయినది. ఆ లోతుల సంగతి చెప్పగల సాక్ష్యములు ఇట్టి గీకుడు ముక్కలే. కత్తి నూరుకొనుటకు తరతరములుగా త్రవ్వి తీసిన రాయియే భూచరిత్రలో చినిగిపోయిన ఒక పుటకు మిగిలిన ప్రతియైనది!

గనిలోని పొరలు

గనులు త్రవ్వినవారికి ఈ భూగర్భశాస్త్రము తెలియదు. కాని పొరల తారతమ్యము వారికి చక్కగా తెలియును. కొండలో వంగి, మడతపడి, విరిగియున్న పొరలను వారు వెదకి పట్టుకొని, ప్రతి పొరకును ఒక పేరు పెట్టిరి. తొమయే, అయిస, నమితొ, సుయిత అనునవి అట్టి పేర్లు. సుయితలో సన్నని రంధ్రములు ఉండును. తొమయే బిగువైనది. రంగునుబట్టియు పేర్లు కలవు: లేత నీలిబూడిద రంగు రాయి ‘అసగి’, పసుపుపచ్చనిది ‘కియిత’, నల్లని మచ్చలున్నది ‘కరసు’ అనగా కాకి.

ఒకే పొరలోని రెండు ముక్కలు కూడ ఒకే తీరుగా ఉండవు. అందుచే ఏ రాయి ఏ పనికి అని నిర్ణయించుట ఒక విద్య అయినది. ఖడ్గమునకు మెరుగుపెట్టువారు మెత్తని ‘ఉచిగుమొరి’ రాతిని కోరుదురు. వడ్రంగి తన చిత్రికకు, ఉలికి మధ్యరకపు గట్టిదనము గల రాతిని కోరును. క్షౌరపు కత్తికి మాత్రము మిక్కిలి గట్టిదియు, మిక్కిలి సన్ననిదియు, చార గాని మచ్చ గాని లేనిదియు కావలెను. అట్టి ముక్క గనిలో బహు కొద్దిగా దొరకును. క్షౌరపు కత్తి చిన్నది కాబట్టి దానికి చిన్న ముక్క చాలును. పలకలుగా ఏర్పడిన శిల గనుక నీరు దిగినచో పొరలుగా విచ్చుకొను ప్రమాదము కలదు. అందువలన రాతి ప్రక్కలకును వెనుకకును లక్క పూయుట అక్కడి ఆచారము.

నూరుటలోని శాస్త్రము

మడతకత్తిని రాతిమీద పరచినపుడు దాని వెన్నును అంచును రెండును రాతికి తాకును. వెన్ను మందము 5 మిల్లీమీటర్లు, అలుగు వెడల్పు 18 మిల్లీమీటర్లు అనుకొన్నచో అంచు కోణము సుమారు 16 డిగ్రీలగును. నూరువాడు కోణమును చేతితో నిలుపనక్కరలేదు. కత్తి నిర్మాణమే దానిని నిలుపును. అంచు అరుగుకొలది వెన్నును అరుగును. కాబట్టి కత్తి ఏండ్ల తరబడి అరిగినను కోణము ఇంచుమించు మారదు. ఇంత చక్కని ఏర్పాటును ఎవరు మొదట కనిపెట్టిరో గాని, వారి బుద్ధి మెచ్చదగినది.

జపాను సానరాతిని నీటితోనే వాడుదురు, నూనె వాడరు. ముందుగా రాతిని నీటితో తడిపి, ‘నగురా’ అను చిన్న రాతితో దానిపై రుద్దుదురు. పాలవంటి చిక్కని బురద ఏర్పడును. ఈ నగురా రాళ్లలో పేరుగాంచినవి ఐచీ మండలమున మికవా ప్రాంతములో దొరకు తెల్లని రాళ్లు. అవి సముద్రపు అడుగున పుట్టినవి కావు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడినవి. వీటిలోను బొతన్, తెన్జో, మెజిరో, కొమా అని తరగతులు కలవు. బొతన్ ముతకది, కొమా అన్నిటికంటె సన్ననిది. నూరువాడు ముతకనుండి సన్ననిదానికి వరుసగా పోవును. చివర కత్తిని నూరు రాతి ముక్కతోనే బురద తీసి పని ముగించును.

ఈ బురద చేయు పనిని ఇట్లు అర్థము చేసికొనవచ్చును. రాతిలో బిగిసియున్న కణము ఉక్కుమీద గీత గీయును. బురదలో విడిగానున్న కణము ఉక్కునకును రాతికిని నడుమ దొర్లుచు చిన్న చిన్న గుంటలు పెట్టును. దొర్లు కణములు పనిని వేగిరపరచును. కాని అవి అంచునకు ఎదురుగా వచ్చి తగులుటచే అంచును కొంచెము గుండ్రపరచును. అందువలననే అనుభవజ్ఞులు పని ముగింపునకు వచ్చుకొలది నీరు చేర్చి బురదను పలుచన చేయుదురు. నూరుకొలది బురదలోని కణములు నలిగి మరింత సన్నబడునని కూడ పనివారి నమ్మకము. చివరి చుట్టులలో చేయి బరువు కూడ మోపరు. కత్తి తన బరువుతోనే సాగవలెను. బరువు మోపినచో సన్నని అంచు వంగి, ప్రక్కకు రేకువలె వ్రేలాడును. అట్టి రేకు మొదట వాడిగా తోచినను గడ్డమును తాకగానే విరిగిపోవును.

తరువాత తోలుపట్టీమీద కత్తిని వెనుకకు ఈడ్చుదురు. రాతిమీద అంచు ముందుగా పోవును. తోలుమీద వెన్ను ముందుగా పోవలెను. లేనిచో తోలు తెగును, అంచు చెడును. మన పల్లెలలో క్షురకుని పొదిలో కత్తితోపాటు సానరాయియు, తోలుపట్టీయు ఉండుటకు కారణమిదే.

మారిన కాలము

1871లో జపాను ప్రభుత్వము ప్రజలు జుట్టును పొట్టిగా కత్తిరించుకొనవచ్చునని ఉత్తరువు చేసెను. నెత్తి గొరిగించుకొను ఆచారము క్రమముగా తగ్గెను. 1876లో ఖడ్గధారణ నిషేధింపబడెను. ఖడ్గములు చేయు కమ్మరులు అనేకులు వంటకత్తులు, వడ్రంగి పనిముట్లు, క్షౌరపు కత్తులు చేయుటకు పూనుకొనిరి. అదే కాలమున ఐరోపానుండి మడతకత్తి దిగుమతి కాజొచ్చెను. జర్మనీలోని జోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డు కత్తులకు ఆనాడు సాటిలేదని పేరు. వాటిని మించవలెనని జపాను పనివారు ప్రయత్నించిరి.

ఈ ప్రయత్నములో నీగత మండలమునందలి సన్జో పట్టణమునకు చెందిన కొసుకె ఇవసాకి (1903-1967) పేరు ప్రసిద్ధము. ఆయన టోక్యో విశ్వవిద్యాలయములో లోహశాస్త్రమును అభ్యసించి, పాత ఖడ్గముల ఉక్కును ఆ దృష్టితో పరిశీలించి, ఆ జ్ఞానమును క్షౌరపు కత్తుల తయారీకి వినియోగించెను. కత్తి ఎంత మేలైనదైనను సరియైన రాతిపై నూరనిచో వ్యర్థమని గ్రహించి, నూరు పద్ధతులను కూడ వివరించి వ్రాసెను. పనివాని చేతిలో మాత్రమే ఉన్న విద్య అట్లు కాగితముమీదికి వచ్చెను.

అయితే అప్పటికే రెండు నూతన వస్తువులు ఆ విద్యకు ముప్పు తెచ్చియుండెను. మొదటిది కృత్రిమ సానరాయి. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ బంకమన్నును కోకుపొడిని విద్యుత్తుతో కాల్చుచు సిలికాన్ కార్బైడును కనుగొనెను. వజ్రమంత కాకున్నను మిక్కిలి గట్టిదనము గల ఈ పదార్థమును కావలసిన పరిమాణమున పొడి చేసి రాళ్లుగా పోయవచ్చును. ఏ రాయి కొన్నను అదే గుణము. గనికి పోయి ఎంచుకొను పని లేదు. రెండవది పారవేయు బ్లేడు. కింగ్ జిలెట్ కంపెనీ 1903లో అమ్మినవి 51 కత్తులు, 168 బ్లేడులు మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా సైనికులకు ఈ కత్తులను పంచిపెట్టుటతో అవి ఇంటింటికి చేరినవి. నూరవలసిన పనియే లేనపుడు రాతితో పనియేమి? ఒకరి రక్తము మరియొకరికి అంటి రోగములు వ్యాపించునను భయముచే క్షౌరశాలలలో కూడ బ్లేడు మార్చు కత్తులే వాడుకకు వచ్చినవి. ఇది ఆరోగ్యరీత్యా మేలే. ఈ మార్పును ఎవరును తప్పుపట్టజాలరు.

ఫలితముగా క్యోటో గనులు 20వ శతాబ్ది ఉత్తరార్ధములో ఒకటొకటిగా మూతబడినవి. నకయామా వంటి పేరుగల గనుల రాళ్లు నేడు పాత నిల్వలనుండియే దొరకును. పొరల పేర్లు తెలిసి, తట్టి చూచి, నీరు చల్లి, వ్రేలితో రుద్ది రాతి గుణమును చెప్పగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. ఖడ్గములకు మెరుగుపెట్టువారికి, ఆలయములను మరమ్మతు చేయు వడ్రంగులకు మాత్రము ఈ రాళ్లు ఇప్పటికిని కావలసియే ఉన్నవి. సహజశిల చూపు మెరుగును కృత్రిమశిల సరిగా చూపజాలదని వారు చెప్పుదురు. కేవలము వాడికొరకైనచో కృత్రిమ రాయి ఏమియు తీసిపోదు. ఈ రెండు మాటలలో ఒకటి నిజమైనంత మాత్రమున రెండవది అబద్ధము కానక్కరలేదు.

కత్తి అంచును గురించి తెలిసికొనవలసినది ఇంకను ఉన్నదనుటకు ఒక ఉదాహరణము. ఉక్కు వెంట్రుకకంటె 50 రెట్లు గట్టిది. అయినను గడ్డము గొరుగగా గొరుగగా కత్తి ఏల మొద్దుబారవలెను? అంచు మెల్లగా అరిగి గుండ్రమగుననుట పూర్వాభిప్రాయము. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఎలెక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద వెంట్రుకలను కోసి చూచిరి. అంచు అరుగుటకంటె ముందుగా దానిలో సన్నని పెచ్చులు ఊడుచున్నవి. కత్తి ఏటవాలుగా తగిలి వెంట్రుక వంగినపుడు, ఉక్కు నిర్మాణము అంతటను ఒకే తీరుగా లేనిచోట పెచ్చు ఊడును. అనగా అంచు ఎంత సన్ననిదో చూచిన చాలదు. అది పొడవునా ఎంత ఏకరీతిగా ఉన్నదో కూడ చూడవలెను. గడ్డమును ముందుగా తడిపి మెత్తబరచవలెననియు, మచ్చ గల రాయి క్షౌరపు కత్తికి తగదనియు పనివారు పట్టుబట్టినది ఊరక కాదు.

మూతబడిన గనులను మరల తెరువుమని ఎవరును అడుగరు. బ్లేడు ఉండగా ప్రతివాడును కత్తి నూరుకొనవలెననుటయు సబబు కాదు. కాని ఒక వృత్తి వాడుకనుండి తొలగునపుడు దానితోపాటు తొలగునది పనిముట్టు మాత్రమే కాదు. ఆ పనిముట్టును ఎరిగిన కన్ను, చేయి కూడ తొలగును. క్యోటో గనులలోని పనివారు పొరలకు పేర్లు పెట్టి ఉండనిచో భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పొరను గుర్తించుట ఆలస్యమయ్యెడిదేమో! మన ఊళ్లలోను సాన పట్టువారు, కమ్మరులు, రాతిపనివారు వాడు మాటలు, వారు రాళ్లను ఎంచుకొను తీరు ఇంకను కొంత మిగిలియున్నవి. అవి చెదరిపోకముందే విని వ్రాసి ఉంచుట విద్యార్థులకు చేతనైన పని. అందుకు కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, కొంచెము ఓర్పు మాత్రమే.